సొట్టవరంలో ఒక్క మంచి ముడి

మణిసింధు యువరాజు మకరందుడు అరవైనాలుగు కళలూ చదువుకున్నాడు. చదువుకున్నాడన్న మాట మాత్రం నిజం. కళకో తాళపత్ర గ్రంథం, గ్రంథానికో గురువు, గురువుగారి పక్కన విసనకర్ర పట్టుకుని ఒక సేవకుడు. పద్దెనిమిదేళ్ళు నిండేసరికి అశ్వశాస్త్రం ఆసాంతం కంఠతా వచ్చేసింది. అంతటివాడు పాతాళగండి అంచుకి కాలినడకన, అదీ ఒంటి చెప్పుతో వచ్చాడంటే కారణం ఏమిటంటారా? దారిలో గుర్రాన్ని చెట్టుకి కట్టింది ఆయనే. ముడి ఊడింది, గుర్రం ఇంటికి పోయింది.

ఇంతకీ ఈ పరుగంతా చెల్లెలి కోసం. మొన్న ఉదయం అన్నాచెల్లెళ్ళిద్దరూ ఉద్యానవనంలో వీణలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వేళ, ఏనుగంత ఇనుపముక్కు గద్ద ఆకాశం నుంచి దిగింది. దిగి, ముందు మకరందుడి ఎదుటే వాలింది. ఆయన వాయిస్తున్నది కాసేపు వింది. తరువాత ఆవులించింది. పక్షులు ఆవులించవని మీరనవచ్చు. ఆ వీణ మీరు వినలేదు కాబట్టి అంటారు. అప్పుడది మధూలిక వైపు తిరిగి, ఆ పిల్లని వీణతో సహా గోళ్ళతో ఎత్తుకుని ఎగిరిపోయింది.

అది కరాళకేతుడనే మాంత్రికుడి గద్ద. ఎక్కడ ఏ పని చక్కగా జరుగుతున్నా దాని కంట పడితే చాలు, ఆ పనివాళ్ళని తన్నుకుపోయి గండి అవతల ఉన్న మసికోటలో పడేస్తుంది. కోటలో పడినవాళ్ళు పాదాల నుంచి మొదలుపెట్టి మెల్లగా రాయి అవుతారు. వేళ్ళు ఆఖరు. మూడోనాడు పొద్దు గుంకే వేళకి వేళ్ళూ రాయైపోయి, వాటిలోని నేర్పంతా మాంత్రికుడి వేళ్ళలోకి దిగిపోతుంది. ఆ మూడోనాడు ఇవాళే. చెల్లెలు దక్కుతుందో లేదో అన్న దిగులు ఒకవైపు, తనని చూసి గద్ద ఆవులించిందన్న మంట ఇంకోవైపు తరుముతుంటే మకరందుడు బైరాగి వేషం వేసుకుని వచ్చాడు. వేషం బాగానే కుదిరింది గాని, గోగునార గడ్డం మాత్రం పది అడుగులకొకసారి జారిపోతోంది. ఆ ముడీ ఆయన వేసిందే మరి.

గండి అంచున, ఉదయపుటెండలో ఒక పట్టణం కనిపించింది. ఆహా, ఏమా పురశోభ! ఆకాశం మీదికి ఒరిగి నిలిచిన గోపురాలు, ఒకదాని భుజం మీద ఒకటి వాలి కునుకు తీసే మేడలు, ఏ రెండు మెట్లూ ఒక ఎత్తున లేని సోపానాలు, తలుపు తూర్పు చూస్తుంటే గడప ఈశాన్యం చూసే సింహద్వారాలు, పద్మాలనుకుని చెక్కిన గుమ్మడికాయలు! ఊరి పేరు సొట్టవరం. ఎదురుగా పాతాళగండి నోరు తెరుచుకుని ఉంది. దాని ఆవలి గట్టున రెండు రాతి స్తంభాలు, వాటి వెనక నల్లగా మసికోట. ఈవలి గట్టునా అలాంటి స్తంభాలే రెండున్నాయి. మధ్యన ఒకప్పుడు వంతెన ఉండేదని చూడగానే తెలుస్తుంది.

బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు వియ్యం మాట్లాడుకుంటున్నారు.

"మా వాడు బొత్తిగా చేతకానివాడు వదినా. ఇంతవరకూ ఒక్క మేకు తిన్నగా కొట్టి ఎరగడు."

"మా అమ్మాయి మాత్రం తక్కువ తిందా? ముగ్గేస్తే చుక్కలు లెక్క తప్పాల్సిందే. అన్నం వండితే అడుగు మాడి, పైన పలుకు!"

"అమ్మా నా బంగారుతల్లి! అట్టాంటి పిల్లే కావాల."

మకరందుడు నోరెళ్ళబెట్టి వింటుంటే, పక్కనే గట్టు మీద గోగునార చిక్కు తీస్తున్న డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ తలెత్తింది. పేరు దాలమ్మ. పగ్గాలు పేనడం ఆవిడ పని. ఎదురుగా కుప్ప పోసిన పగ్గాలు చూస్తే, మేకపిల్లని కట్టడానిక్కూడా మనసొప్పదు.

"నాయనా, గడ్డం జారింది, చూసుకో" అందావిడ.

మకరందుడు గడ్డం పైకి లాక్కుని, "అవ్వా, గండి అవతలికి చేరేటంత పొడుగు పగ్గం కావాలి. తక్షణం" అన్నాడు.

"మావల్ల ఏమవుద్ది నాయనా?" అంది దాలమ్మ. ఆ ఊళ్ళో నమస్కారానికి బదులు వాడే మాట అదే. పొద్దున లేచి ఎదురుపడితే ఒకరు "మావల్ల ఏమవుద్ది" అంటారు, రెండోవారు "మావల్లా కాదు" అంటారు. కుశలప్రశ్నలు అయిపోయినట్టే.

"మూడు తరాల కింద ఈ ఊరు శిల్పవరం" అని చెప్పుకొచ్చిందావిడ. "ఆ గద్ద వచ్చి మంచి పనోళ్ళనంతా తన్నకపోయింది. వంతెన తెగ్గొట్టించాడు ఆ మాంత్రికుడు. మిగిలినోళ్ళు కూచుని ఆలోచించారు. చక్కగా చేస్తేనే గదా ఎత్తకపోయేది? చేతకాకుండా పోదామని ఒట్టేసుకున్నారు. పిల్లలకి అదే నేర్పారు, వాళ్ళు వాళ్ళ పిల్లలకి నేర్పారు. ఇప్పుడు ఊరంతా సొట్టే. అందరం సుఖంగా ఉన్నాం." సుఖంగా ఉన్నాం అన్నప్పుడు ఆవిడ కళ్ళు గండి అవతలికి పోయాయి. అది మకరందుడు చూడలేదు. ఆయన గడ్డం మళ్ళీ జారింది.

ఇక చేసేదేముంది? తన పగ్గం తనే పేనుకుందామని మకరందుడు స్తంభాల దగ్గర చతికిలబడి ఒక మోపెడు గోగునార ముందేసుకున్నాడు. రజ్జుశాస్త్రంలో పన్నెండు శ్లోకాలు గడగడా చదివాడు. తరువాత నారని తొడ మీద పెట్టి పురి ఎక్కించడం మొదలుపెట్టాడు. ఒక పాయ కుడికి తిప్పాడు, రెండో పాయ ఎడమకి తిప్పాడు, మూడో పాయ ఎక్కడుందో వెతుక్కున్నాడు. చివరికి అది గడ్డంతో కలిపి పేనేసినట్టు తేలింది.

అరగడియలో చుట్టూ జనం మూగారు. ఊరు ఊరంతా, మూడువందల మంది.

"అబ్బ! ఏం చేతకానితనమయ్యా!" అన్నాడు కుమ్మరి పోలయ్య, చెమ్మగిల్లిన కళ్ళతో. "జన్మలో చూళ్ళేదు."

"స్వామీ, తమరు ఎవరి దగ్గర నేర్చారు?" అని అడిగాడు వడ్రంగి ఈరభద్రయ్య, చేతులు జోడించి.

"అరవై నలుగురు గురువుల దగ్గర" అన్నాడు మకరందుడు గర్వంగా.

జనం ఆహా అన్నారు. ఎవరో అరటిపండ్లు తెచ్చి ముందు పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. గడియ గడిచింది, రెండు గడియలు గడిచాయి. మకరందుడు పేనుతూనే ఉన్నాడు, పురి విడిపోతూనే ఉంది. చూస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే ఇబ్బందిగా కదలడం మొదలుపెట్టారు. ఈరభద్రయ్య పళ్ళు నూరాడు. పోలయ్య తల పక్కకి తిప్పుకుని, మళ్ళీ ఉండబట్టలేక ఇటే చూశాడు. ఊరివాళ్ళ వంకరంతా కావాలని చేసే వంకర. అది ఎక్కడ ఆగాలో వాళ్ళకి తెలుసు. ఇది అసలు సిసలైన వంకర, దీనికి అడ్డూ ఆపూ లేదు. దాలమ్మ రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. వేళ్ళు జివజివలాడిపోతున్నాయి. ఏడోసారి పురి విడిపోయినప్పుడు ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"అయ్యో అయ్యో, అట్టా కాదు నాయనా! నార ఏడుస్తోంది! ఇటియ్యి!"

అంటూనే నార లాక్కుంది. అరచేయి ఇలా జరిగి అలా వెనక్కొచ్చేసరికి, మూడు పాయలూ ఒకదాన్నొకటి అల్లుకుని, పాము కుబుసంలా నున్నగా మూరెడు పగ్గం ఆవిడ ఒళ్ళోకి జారింది.

పోలయ్య వంగి ఆ పగ్గాన్ని వేలితో తడిమి చూశాడు.

"దాలమ్మక్కా, నువ్వా?" అన్నాడు పోలయ్య.

"నేనే. ఏం?" ముసలమ్మ తలెత్తి చూసింది. "అరవై ఏళ్ళుగా పేన్తున్నా. ఇంటెనక ధాన్యం పాతర్లో దిగి, గద్ద కంట పడకుండా. ఏడేళ్ళ పిల్లనప్పుడు మా అమ్మని ఎత్తకపోయింది. ఆ కోటలో రాయై నిలబడుంది మా అమ్మ. గండి వెడల్పు రెండొందల బారలు. పాతర్లో ఉన్న పగ్గం రెండొందల యాభై. ఉంటే ఏం లాభం? వంతెన కట్టాలంటే వడ్రం రావాల, పది చేతులు కావాల. మీరంతా చేతకానోళ్ళయిపోతిరి. నేనొక్కదాన్నేం చేస్తాను?"

"చేతకానోళ్ళమా?" ఈరభద్రయ్యకి రోషం ముంచుకొచ్చింది. "మా అటక మీద గిలకలున్నయ్యి, వచ్చి చూడు! ఊదితే తిరుగుతయ్యి! నేనొక్కణ్ణే పనోణ్ణి, ఊరంతా మొద్దులే అని ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేక చస్తున్నా!"

పోలయ్య భార్యవైపు తిరిగి, నేలచూపులు చూస్తూ, "సుబ్బులూ, గొడ్లసావిట్లో గడ్డికింద ఒక కాగుంది. మనిషి నిలబడేంత. నేనే చేశా" అన్నాడు.

"తెలుసు. చిన్న బీట కూడా లేదు. రోజూ తుడిచి పెడతన్నా" అంది సుబ్బులు. "మరి నువ్వు పొలం పోయినప్పుడు నేను వండుకునే పులుసు సంగతి నీకు తెలవదులే."

"ఏంది! నలభై ఏళ్ళుగా నాకు ఉప్పు కషాయం పోసి, నువ్వు..."

ఇక ఆ ఊరు ఊరులా లేదు. ఎవరి అటకలు వాళ్ళు దింపారు, ఎవరి పాతరలు వాళ్ళు తవ్వారు. దూలాల సందుల్లోంచి, చొప్పవాముల్లోంచి, ధాన్యపు గాదెల అడుగునుంచి దాచుకున్న పనితనమంతా వీధిలోకి వచ్చిపడింది. నూలు పోగు తప్పని బట్టలు, నీళ్ళు పోసినా చుక్క కారని బుట్టలు, ఒకే ఒక్క చుక్కా తప్పని ముగ్గులు వేసిన పీటలు! పక్కింటివాడి నేర్పు చూసి పక్కింటివాడు ఏడ్చాడు. ఇన్నేళ్ళూ ఒకరి మీద ఒకరు జాలిపడ్డారు మరి. బావి దగ్గర వియ్యపురాళ్ళు మాత్రం, పిల్లకి వంట వచ్చని బయటపడేసరికి, సంబంధం ఉంచుకోవాలా వదులుకోవాలా అని తగువులాడుకుంటున్నారు.

పగ్గాలైతే వచ్చాయి. అవతలికి చేర్చడం ఎలాగ? ఈరభద్రయ్య అటక మీది విల్లు దింపాడు. బాణానికి సన్నతాడు కట్టి నలుగురు బలమైనవాళ్ళు వంతులవారీగా వదిలారు. ప్రతి బాణమూ సగం గండి దాటి, తాడు బరువుకి తల వాల్చి కిందికి పోయింది. పొద్దు పడమటికి వాలుతోంది. గాలి అటునుంచి వీచినప్పుడల్లా మసికోటలోంచి వీణ వినపడుతోంది. మధూలిక వేళ్ళింకా కదులుతున్నాయన్నమాట. కాని ఆ పాట నిదానిస్తోంది. మకరందుడు చెవులు మూసుకోలేక, వినలేక, అందరి కాళ్ళకీ అడ్డం పడుతూ తిరగసాగాడు.

"నువ్విట్టా కూచో" అని దాలమ్మ సన్నతాడు కొస ఆయన చేతిలో పెట్టింది. "దీన్ని నడుముకి కట్టుకో. నువ్వెట్టాగూ ఎక్కడికీ పోవు, అదైనా పోకుండా ఉంటది. ముడి నేను చెప్పినట్టు వెయ్యి. చుట్టూ తిప్పు, కిందనించి తీసుకురా, ముడి మెడ పట్టుకుని బిగించు."

మొదటి ముడి జారింది. రెండోది జారింది. మూడోది బిగిసి, తాడు నిలిచింది గాని మొలతాడు తెగింది. నాలుగు, ఐదు, ఆరు. దాలమ్మ విసుక్కోలేదు. "చుట్టూ. కిందనించి. మెడ పట్టుకో" అని మాత్రం అంటోంది. పుట్టి బుద్ధెరిగాక మకరందుడికి శ్లోకం లేకుండా ఎవరైనా ఏదైనా నేర్పడం ఇదే మొదలు.

సరిగ్గా ఏడో ముడి వేస్తుండగా ఎండ మీద పెద్ద నీడ పడింది.

"గద్ద!"

ఆ కేక వినగానే మూడువందల మందికీ పాత అలవాటు కాళ్ళలోంచి తన్నుకొచ్చింది. ఈరభద్రయ్య సుత్తితో తన బొటనవేలు తనే కొట్టుకున్నాడు. నేతగాళ్ళు కాళ్ళకి నూలు చుట్టుకుని బోర్లాపడ్డారు. సుబ్బులు అందరికోసం కాస్తున్న పులుసులో దోసెడు ఉప్పు గుమ్మరించింది. క్షణంలో ఆ మైదానమంతా తప్పులతడక అయిపోయింది. గద్ద తిరిగింది, తిరిగింది, చూసింది. ఎక్కడా ఒక్క పని తిన్నగా లేదు.

ఒక్కచోట తప్ప. చేతకానట్టు నటించడం మకరందుడికి చేతకాదు. ఆ అవసరం ఆయనకి ఎన్నడూ రాలేదు పాపం. ఆయన అసలు పైకే చూడలేదు. చుట్టూ తిప్పాడు, కిందనుంచి తెచ్చాడు, మెడ పట్టుకుని బిగించాడు. ముడి కూర్చుంది. లాగాడు, కదల్లేదు. "అవ్వా! వచ్చింది!" అని తలెత్తేసరికి, బారెడు దూరంలో ఇనుపముక్కు.

గద్ద ఆ ముడిని చూసింది. ఆయన ముఖం చూసింది. ఈసారి ఆవులించలేదు.

మరుక్షణం మకరందుడు గాలిలో ఉన్నాడు. భయమేసింది, నిజమే. అయినా దాచడమెందుకు, "నన్నే! నన్నే ఎత్తుకుంది!" అని ఆయన ఆనందంతో వేసిన కేక గండి ఈ చివరనుంచి ఆ చివరకి వినపడింది. గడ్డం మాత్రం ఊడి పాతాళంలోకి పోయింది.

నడుముకి కట్టిన తాడు చుట్టలు చుట్టలుగా లేచి గండిలోకి పరుగెడుతోంది. ఇంకో నాలుగు చుట్టలు పోతే కొస కూడా పోతుంది.

"పట్టుకోండి!" దాలమ్మ అరిచింది. ఎవరూ కదల్లేదు. గద్ద ఇంకా కనుచూపు మేరలోనే ఉంది. "ఓరి మీ చేతులు పడిపోను! ఎన్నాళ్ళు దాక్కుంటార్రా? మన మూడొందల మంది చెయ్యలేని పని ఆ పిల్లోడు ఒక్క ముడితో చేసి పోతన్నాడు. పట్టుకోండి!"

అంటూ తనే తాడు మీద పడింది. ఆవిడ వెనక ఈరభద్రయ్య పడ్డాడు. ఆ వెనక పోలయ్య. ఆ తరువాత లెక్క పెట్టడం ఎవరి తరమూ కాలేదు. తాడుని రాతి స్తంభం చుట్టూ తిప్పారు. తెగకుండా, బిగుసుకోకుండా, ఒక్క మాట మీద మూడువందల జతల చేతులు పట్టపగలు, గద్ద కళ్ళ ముందు, చక్కగా వదలసాగాయి.

గద్ద ఆవలి స్తంభాలు దాటుతూ ఒకసారి వెనక్కి చూసింది. అంత పనితనం ఒక్కచోట దాని బతుకులో చూడలేదు. ఆశ పుట్టింది. అన్నీ తనకే కావాలనుకుంది. గోళ్ళలో ఉన్న ఒక్కణ్ణీ వదిలేసి వెనక్కి తిరిగింది. మకరందుడు రెండు తాటిచెట్ల ఎత్తునుంచి తుమ్మపొదలో పడి, ముళ్ళన్నీ ఏరుకునే తీరిక లేక అలాగే లేచాడు.

గద్ద ఊరి మీదికి దిగింది. ఈవిడని ఎత్తుకోవాలా, ఆయన్ని ఎత్తుకోవాలా? మెడ ఇటు తిప్పింది, అటు తిప్పింది, ఎటు చూసినా మంచి పనివాళ్ళే. అది ఎటూ తేల్చుకోలేక నేలమీద నిలబడిపోయిన క్షణంలో, పోలయ్యా సుబ్బులూ చెరోవైపు పట్టుకొచ్చిన కాగుని దాని తల మీద బోర్లించారు. కొలత తీసి చేసినట్టు మెడ దాకా దిగింది. కళ్ళే బలమైన పక్షికి కళ్ళు మూసుకుపోతే ఇంకేముంది? గంప కింద కోడిలా కూలబడి, లోపలినుంచి కుయ్యిమంది.

"బీట పడకుండా చూడండయ్యో!" అన్నాడు పోలయ్య, గద్ద కంటే కాగు గురించే ఆదుర్దాపడుతూ.

అప్పటికి పొద్దు బారెడుంది. సన్నతాడుకి పెద్ద పగ్గం కట్టి పంపితే, అవతల మకరందుడు ముళ్ళచేతులతోనే ఈడ్చుకుని, కొస అందుకుని రాతిస్తంభానికి ముడి వేశాడు. చుట్టూ. కిందనుంచి. మెడ పట్టుకుని. ఇవతల పగ్గం బిగించి, దానికి ఈరభద్రయ్య గిలక తగిలించి, గిలకకి ఒక బుట్ట వేలాడదీశారు.

మొదట ఎవరు వెళ్ళాలన్న ప్రశ్నే రాలేదు. దాలమ్మ అప్పటికే బుట్టలో కాలుపెట్టింది. పెట్టి ఆగింది. అరవై ఏళ్ళుగా ఇంకొకరు వేసిన ముడికి ఆవిడ కోడిపిల్లని కూడా నమ్మి వదల్లేదు.

"నాయనా!" అని గండి మీదుగా కేకేసింది. "ఆ ముడి నువ్వే వేశావా?"

"నేనే అవ్వా!"

ముసలమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరువాత బుట్టలో కూర్చుని, పగ్గం పట్టుకుని, పాతాళం మీదికి తనని తను లాక్కుంది.

మకరందుడు స్తంభాన్ని కావలించుకుని నిలబడి ఆవిడనే చూస్తున్నాడు. బుట్ట గండి నడిమధ్యకి వచ్చింది. కోటలోని వీణ మూడు తీగల నుంచి రెండింటికి, రెండింటి నుంచి ఒక్క తీగకి దిగింది. వెనక మసికోట తలుపు కిర్రుమని తెరుచుకుంది. బూడిద వాసన వేసింది. చల్లటి చేయి ఒకటి, వేళ్ళు చాలా పొడుగైన చేయి, ఆయన భుజం మీద పడింది.

"అయ్యో నాయనా" అంది ఒక గొంతు, తేనె పూసినట్టు. "వందలమంది నేర్పు ఉంది నా వేళ్ళలో. ఎంత వంకరగా వేశావు ఆ ముడి! పాపం, ముసలిది పడిపోతుంది. ఇటివ్వు. నేను సరిచేస్తాను."

అరవై నలుగురు గురువులూ ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి మకరందుడి వేళ్ళకి తెలుసు. ముడిని రెండు చేతులా కప్పుకుని, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"అక్కర్లేదు. సరిగ్గానే ఉంది."